హోవర్‌బోర్డు అమ్మేవాళ్లు దాని విడిభాగాలు కూడా అమ్మాలి

సంపాదకుల వారికి నమస్కారం.

తాడేపల్లిగూడెంలో నాది ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు. బ్లాక్ అండ్ వైట్ టీవీల కాలంలో పని నేర్చుకున్నాను. తర్వాత కలర్ టీవీలు, స్టెబిలైజర్లు, ఇన్వర్టర్లు, ఇండక్షన్ స్టవ్వులు వచ్చాయి. ఇప్పుడు బ్యాటరీ స్కూటర్ల ఛార్జర్లు, కంట్రోలర్లు కూడా చూస్తున్నాను. కొన్నేళ్లుగా నా బల్ల మీదికి హోవర్‌బోర్డులు వస్తున్నాయి. రెండు చక్రాల మధ్య చిన్న పలక ఉండి, దాని మీద నిలబడి పాదం ముందుకు నొక్కితే ముందుకు, మడమ నొక్కితే వెనక్కి పోతుంది కదా, అదే. పుట్టినరోజనో, మంచి మార్కులు వచ్చాయనో పిల్లలకు కొనిస్తున్నారు. కొన్నాళ్లకు ఆగిపోతుంది. కొన్నచోట అడిగితే సరైన సమాధానం రాదు. అప్పుడు నా దగ్గరికి తెస్తారు.

వాటిలో చాలావాటిని బాగుచేయకుండానే తిరిగి ఇచ్చేయాల్సి వస్తోంది. తప్పు ఎక్కడుందో దొరక్క కాదు, వేయడానికి ముక్క దొరక్క. ఈ సంగతి మీ పత్రిక ద్వారా తల్లిదండ్రులకూ, వినియోగదారుల వ్యవహారాలు చూసే అధికారులకూ చెప్పాలని రాస్తున్నాను.

ఇదేదో అంతుపట్టని యంత్రం అనుకుని చాలామంది మెకానిక్‌లు ముట్టుకోరు. విప్పి చూస్తే ఉండేది కొంచెమే. ఒక్కో చక్రం లోపలే ఒక మోటారు ఉంటుంది. బెల్టు, గేరు, చైను ఏమీ ఉండవు. ఒక మెయిన్ బోర్డు, రెండు పాదాల కిందా రెండు చిన్న గైరో బోర్డులు, ఒక 36 వోల్టుల లిథియం బ్యాటరీ. అరచేతి మీద కర్ర నిలబెట్టి ఆడించే పిల్లవాడు కర్ర ఎటు ఒరిగితే చేతిని అటే జరుపుతాడు. ఇదీ అదే పని చేస్తుంది. పలక ఎటు ఒరిగిందో గైరో సెన్సరు మెయిన్ బోర్డుకు చెబుతుంది, మెయిన్ బోర్డు చక్రాన్ని అటే తిప్పుతుంది. పాదం పెట్టామా లేదా అన్నది తెలియడానికి రబ్బరు పలక కింద ఒక కాంతి సెన్సరు ఉంటుంది. రబ్బరు దిగి కాంతికి అడ్డుపడితే మనిషి ఎక్కాడని లెక్క. చక్రం ఏ స్థితిలో ఉందో చెప్పడానికి మోటారు లోపల మూడు హాల్ సెన్సర్లు ఉంటాయి. టీవీ పవర్ సప్లై బాగుచేయగలిగిన వాడెవడైనా దీన్ని బాగుచేయగలడు.

కొన్నింటికి అసలు రిపేరే అక్కర్లేదు. ఒక పక్కకు లాగుతోంది, ఎక్కగానే తనంతట తనే గుండ్రంగా తిరుగుతోంది అంటే ముందు కేలిబ్రేషన్ చేసి చూడాలి. ఆపేసి, సమంగా ఉన్న గచ్చు మీద పెట్టి, రెండు సగాలూ ఒకే మట్టంలో ఉండేలా సరిచేసి, లైట్లు మెరిసేదాకా పవర్ బటన్ నొక్కి పట్టుకోవాలి. తర్వాత ఆపి మళ్లీ ఆన్ చేయాలి. చాలా మోడళ్లలో పద్ధతి ఇదే. కాళ్ల కింద రబ్బరు చిరిగి సెన్సరు మీదికి సరిగ్గా దిగకపోయినా బోర్డు మొరాయిస్తుంది. ఇలాంటి వాటికి నేను డబ్బులు తీసుకోను.

ఇక ఒక్క హోవర్‌బోర్డు సంగతి వివరంగా చెబుతాను. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన మనవడి హోవర్‌బోర్డు తెచ్చారు. హైదరాబాద్‌లో ఉండే కూతురు ఆన్‌లైన్‌లో కొని పంపిందట. ఆన్ చేస్తే ఎర్ర లైటు మిణుకుమంటోంది, కుడి చక్రం కాసేపు వణికి ఆగిపోతోంది.

"మాస్టారూ, పదకొండు వేలు పోసి కొన్నారండి. వాడు పట్టుమని ఒక్క వేసవైనా తొక్కలేదు. డబ్బా మీద ఉన్న నంబరుకు చేస్తే ఎత్తరు. ఎత్తినా ఏదో హిందీలో చెప్పి పెట్టేస్తారు. మీరే ఏదోటి చేయాలి" అన్నారు ఆయన. మనవడు పక్కనే నిలబడి, "అంకుల్, లోపల చూడొచ్చా?" అని అడిగాడు. స్టూలు వేసి కూర్చోబెట్టాను. పిల్లలు ఇలా అడగడం నాకు ఇష్టం.

ముందు బండి ఆపేసి చక్రాలు చేత్తో తిప్పి చూశాను. రెండూ తేలిగ్గా తిరిగాయి. ఈ చిన్న పరీక్ష ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. ఆపి ఉన్నప్పుడు కూడా చక్రం బిగుసుకుపోయి, ఆగి ఆగి తిరిగితే మెయిన్ బోర్డులో మోస్‌ఫెట్లు, అంటే మోటారుకు కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చుల్లాంటి ముక్కలు, షార్ట్ అయి ఉండే అవకాశం ఎక్కువ. ఇక్కడ ఆ బాధ లేదు. విప్పి, ముందు బ్యాటరీ ప్లగ్గు తీసేసి, రెండు మోటార్ల ప్లగ్గులూ ఒకదాని చోట ఒకటి మార్చి పెట్టాను. మళ్లీ ఆన్ చేస్తే, ఎడమవైపు ప్లగ్గుకు తగిలించినా ఆ కుడి చక్రమే వణికింది. అంటే మెయిన్ బోర్డు బాగుంది, తప్పు మోటారులో ఉంది. చక్రం నుంచి వచ్చే అయిదు సన్న తీగల్లో ఎరుపు, నలుపు కరెంటువి. పసుపు, ఆకుపచ్చ, నీలం హాల్ సెన్సర్ల సిగ్నళ్లు. మల్టీమీటరు పెట్టి చక్రాన్ని మెల్లగా తిప్పితే ఆ మూడు తీగల మీదా వోల్టేజి ఎక్కుతూ దిగుతూ ఉండాలి. పసుపు, నీలం బాగానే ఆడాయి. ఆకుపచ్చ మీద అంకె కదల్లేదు. తీగ తెగిందేమోనని ఇరుసు దాకా చూశాను, తెగలేదు. ఒక హాల్ సెన్సరు చచ్చిపోయింది, అంతే.

అమ్మినవాళ్లను అడిగితే మోటారుతో పాటు చక్రం మొత్తం మార్చాలన్నారు. సరే, ఆ చక్రమైనా పంపండి అంటే స్టాకు లేదు, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. విడిగా ఆ సెన్సరు నంబరు ఏమిటని అడిగితే అవతలి మనిషికి నా ప్రశ్నే అర్థం కాలేదు. చివరికి అది దొరికింది మా ఊళ్లోనే, ఇ-ఆటోలు బాగుచేసే ఒక కుర్రాడి దగ్గర. బ్యాటరీ స్కూటర్ల హబ్ మోటార్లలోనూ ఇలాంటి సెన్సర్లే వాడతారు. ఒక్కోటి యాభై రూపాయలు కూడా లేదు. చక్రం పక్క మూత స్క్రూలు తీసి, అయస్కాంతాల పట్టు నుంచి స్టేటరును, అంటే తిరగకుండా ఉండే తీగచుట్ల భాగాన్ని, జాగ్రత్తగా బయటికి లాగి, పాత జిగురు గీకి, ఒకటి పోయినప్పుడు మూడూ మార్చడం మేలు కాబట్టి మూడూ మార్చాను. పాతవి ఏ ముఖం పైకి ఉన్నాయో కొత్తవీ అలాగే పెట్టి, టంకం వేసి, స్లీవు తొడిగి, ఆరనిచ్చి బిగించాను. ఆ సాయంత్రమే మనవడు షాపు ముందు సిమెంటు అరుగు మీద నడుపుకుని చూసుకున్నాడు.

పదకొండు వేల వస్తువు, యాభై రూపాయల ముక్క. పక్క వీధిలో ఇ-ఆటో కుర్రాడు లేకపోతే అది చెత్తలోకి పోయేదే. నా బాధంతా ఇక్కడే. మోటారులో ఏ సెన్సరు వేశారో ఒక్క కాగితం మీద రాసి ఇస్తే చాలు, తెలుగు రాష్ట్రాల్లో ప్రతి చిన్న పట్టణంలోనూ దీన్ని బాగుచేసే చేతులు ఉన్నాయి.

మెయిన్ బోర్డు పోయిన వాటి సంగతి ఇంకా కష్టం. మోస్‌ఫెట్లు మాత్రమే పోతే మార్చవచ్చు. ఒక్కో మోటారుకు ఆరు చొప్పున ఉంటాయి, అవి హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. దాంతో పాటు కంట్రోలర్ చిప్పు కూడా పోతే బోర్డే మార్చాలి. బయటి ప్లాస్టిక్ డొప్ప ఒకటే ఉన్నా లోపల బోర్డులు రకరకాలు. ఒకే పేరుతో, ఒకే రంగుతో అమ్మిన రెండింటిని విప్పితే లోపల వేర్వేరు బోర్డులు కనిపించాయి నాకు. చైనాలో షెన్‌జెన్ దగ్గరా, జెజియాంగ్ రాష్ట్రంలోని యోంగ్‌కాంగ్‌లోనూ ఫ్యాక్టరీలు వీటిని పెద్ద ఎత్తున తయారుచేస్తాయి, ఇక్కడివాళ్లు తెప్పించి తమ పేరు అంటించి అమ్ముతారు. ఏ నెల సరుకులో ఏ బోర్డు వచ్చిందో అమ్మేవాళ్లకే తెలియదు.

భీమవరం నుంచి వచ్చిన ఒక తండ్రి తనే వెతుక్కుని, ఫొటో చూపించి, ఢిల్లీ నుంచి మెయిన్ బోర్డు ఒక్కటే తెప్పించారు. ప్లగ్గులన్నీ చక్కగా సరిపోయాయి. ఆన్ చేస్తే గైరో బోర్డులతో దానికి మాట కలవలేదు. లోపల ఉండే ప్రోగ్రాము వేరైతే ఇలాగే జరుగుతుంది. అందుకే మెయిన్ బోర్డు, రెండు గైరో బోర్డులు కలిపి ఒకే సెట్టుగా కొనాలి. ఈ మాట అమ్మిన షాపువాళ్లు ఆయనకు చెప్పలేదు. వాపసు అడిగితే ఎలక్ట్రానిక్ సామాను వెనక్కి తీసుకోం అన్నారు. పాపం, ఆయన ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఆ బోర్డు ఖరీదు ఆయనకు చిన్న మొత్తం కాదు.

బోర్డు కొనాల్సిన వాళ్లకు నేను చెప్పేది ఒకటే. పేరు, రంగు చూసి కొనవద్దు. పాత బోర్డు మీద ముద్రించిన నంబరు, ప్లగ్గుల్లో పిన్నుల లెక్క, తీగల వరస చూపించే ఫొటోలు పంపి, మూడు బోర్డులూ కలిపి ఇస్తారా, సరిపడకపోతే తిరిగి తీసుకుంటారా అని రాతపూర్వకంగా అడిగి, ఆ తర్వాతే డబ్బు పంపండి.

బ్యాటరీ విషయంలో మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను. ఈ ప్యాకులో సాధారణంగా 20 సెల్స్ ఉంటాయి, రెండేసి జతగా పది జతలు వరసలో కలుపుతారు. పూర్తిగా ఛార్జి అయితే 42 వోల్టులు. ఛార్జరు పెట్టగానే ఒక్క నిమిషం కూడా ఆగకుండా పచ్చ లైటు వెలుగుతోంది, బండి మాత్రం ఆన్ కావడం లేదు అంటే, చాలాసార్లు ఏదో ఒక జత బాగా పడిపోయి, లోపలి రక్షణ సర్క్యూటు కరెంటు ఆపేసి ఉంటుంది. అప్పుడు "ఆ పోయిన సెల్స్ రెండూ మార్చేయండి మాస్టారూ, పాత ల్యాప్‌టాప్ సెల్స్ ఉన్నాయి కదా" అంటారు. రక్షణ సర్క్యూటును దాటించి తీగ కలపమని అడిగినవాళ్లూ ఉన్నారు. ఆ పని నేను చేయను. చేసే మెకానిక్‌లకు చేతులెత్తి మొక్కుతున్నాను, చేయకండి. కొత్త సెల్, పాత సెల్ కలిస్తే ఒకటి ముందే నిండిపోతుంది, ఒకటి ముందే ఖాళీ అవుతుంది, అలాంటి ప్యాకు అంటుకునే ప్రమాదం ఉంది. రాత్రి పిల్లలు పడుకున్న గదిలోనే దాన్ని ఛార్జింగు పెడతారు.

ఇది ఊరికే భయపెట్టడం కాదు. అమెరికాలో షేన్ చెన్ అనే ఆవిష్కర్త 2013లో హోవర్‌ట్రాక్స్ పేరుతో ఇలాంటి బండిని జనం ముందుకు తెచ్చాక, రెండేళ్లలో ప్రపంచమంతా చవక నకళ్లు నిండిపోయాయి. 2015 చివరికల్లా అవి అంటుకుని ఇళ్లు తగలబడటం మొదలైంది. విమానయాన సంస్థలు వాటిని ఎక్కించుకోవడం మానేశాయి. 2016 జూలైలో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ఒకేసారి 5 లక్షలకు పైగా హోవర్‌బోర్డులను వెనక్కి తీసుకోమంది. కారణం బ్యాటరీ ప్యాకులే. ఆ ఏడాదే వీటి విద్యుత్ భద్రత కోసం యూఎల్ 2272 అనే ప్రమాణం వచ్చింది.

మన దగ్గర లిథియం సెల్స్‌కు, బ్యాటరీలకు ఐఎస్ 16046 అనే ప్రమాణం ప్రకారం బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ప్యాకు మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. విడిగా అమ్మకానికి వచ్చే హోవర్‌బోర్డు ప్యాకుల్లో నా చేతికి వచ్చినవి చాలావరకు ఏ గుర్తూ లేనివే. నీలం ప్లాస్టిక్ చుట్టి, పైన అంకెలు రాసి పంపిస్తున్నారు. అలాంటిది బిగించి ఇవ్వడానికి నాకు మనసొప్పదు. మరి గుర్తు ఉన్నది ఎక్కడ దొరుకుతుంది? బండిని దిగుమతి చేసుకున్నవాడే ఇవ్వాలి. వాడు ఇవ్వడు. చక్రాలు బాగుండి, బోర్డులు బాగుండి, కేవలం బ్యాటరీ కోసం మూలపడిన బండ్లు మా షాపు అటక మీద ఇప్పుడూ ఉన్నాయి.

నేను పని నేర్చుకున్న రోజుల్లో పరిస్థితి ఇలా ఉండేది కాదు. వాల్వు రేడియోల వెనక అట్ట లోపల సర్క్యూట్ బొమ్మ అంటించి ఉండేది. టీవీల సర్క్యూట్లు పెద్ద పెద్ద పుస్తకాలుగా అచ్చువేసి అమ్మేవారు. మా గురువుగారు హైదరాబాద్ వెళ్తే ఆ పుస్తకాలు కొనుక్కొచ్చేవారు. ఏ పాయింటు దగ్గర ఎన్ని వోల్టులు ఉండాలో అందులో ఉండేది. ఊళ్లో ఒక ఈసీ టీవీ పాడైతే, హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారైన ఆ టీవీని ఇక్కడ గూడెంలో కూర్చుని బాగుచేసేవాళ్లం. తయారీదారు దాచింది ఏమీ లేదు కాబట్టే అది సాధ్యమైంది. ఆ పుస్తకాలతోనే నాలాంటి వాళ్లు వేలమంది బతికారు. ఇప్పుడు హోవర్‌బోర్డుల బోర్డుల్ని విప్పి, ఏ పిన్ను ఎక్కడికి వెళ్తుందో గీసి, కొత్త ప్రోగ్రాములు రాసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడుతున్నది విదేశాల్లోని ఔత్సాహికులు. ఇంజనీరింగ్ కుర్రాళ్లు ఆ ప్రోగ్రాములు చూసి పాత హోవర్‌బోర్డు మోటార్లతో రోబోట్ బండ్లు చేసుకుంటున్నారు, సంతోషం. అమ్మి లాభం తీసుకున్నవాడు చేయాల్సిన పనిని ఎవరో జీతం లేకుండా చేస్తున్నారు.

చట్టాలు లేవని కాదు. దిగుమతి చేసిన ప్యాకు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైందో, ఫిర్యాదుకు ఎవరిని సంప్రదించాలో ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనలే చెబుతున్నాయి. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020 ఇ-కామర్స్ నిబంధనలు ఉన్నాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, ఆ డిసెంబరు 24న ఒక పోర్టల్ కూడా తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్-ఎలక్ట్రానిక్స్, ఇంట్లో వాడే వస్తువులు, వాహనాలు అని నాలుగు రంగాలు పెట్టారు. తర్వాత ఏ వస్తువు ఎంత తేలిగ్గా బాగవుతుందో మార్కులు వేసే రిపేరబిలిటీ ఇండెక్స్ కోసం ఇంకో కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. అది స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్ల గురించి. మంచిదే. కానీ పిల్లలు ఎక్కి తొక్కే బ్యాటరీ బండ్లు ఆ నాలుగు రంగాల్లో ఎక్కడ వస్తాయి? బొమ్మా, వాహనమా, ఎలక్ట్రానిక్ వస్తువా? ఎవరూ పట్టించుకోకపోవడానికి ఇదీ ఒక కారణం అనిపిస్తుంది నాకు.

యూరప్‌లో 2023లో చేసిన బ్యాటరీ చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి 18 నుంచి తేలికపాటి వాహనాల బ్యాటరీలను బయటి మెకానిక్ కూడా తీసి మార్చగలిగేలా తయారుచేయాలి. చివరి బండి మార్కెట్‌లోకి వచ్చాక కనీసం అయిదేళ్లు ఆ బ్యాటరీ విడిభాగంగా, సరసమైన ధరకు దొరకాలి. మనమూ ఇంతమాత్రం అడగవచ్చు. హోవర్‌బోర్డు, కిక్ స్కూటరు, పిల్లల బ్యాటరీ కారు ఏది దిగుమతి చేసుకున్నా దాని బోర్డుల సెట్టు, మోటారు, బీఐఎస్ గుర్తున్న బ్యాటరీ, ఛార్జరు అయిదేళ్ల పాటు ఇక్కడ దొరకాలి. వాటి ధరల పట్టిక అమ్మకం రోజే చూపించాలి. బోర్డు నంబరు డబ్బా మీద ఉండాలి. ఇవి ఇవ్వలేనివాడికి దిగుమతి అనుమతి ఎందుకు?

కేంద్రం చేసేలోగా జిల్లా స్థాయిలో చేయగలిగినవి ఉన్నాయి. తూనికలు కొలతల అధికారులు పండగల ముందు బొమ్మల షాపులకు వెళ్లి, డబ్బాల మీద దిగుమతిదారు చిరునామా ఉందో లేదో చూస్తే చాలు, సగం సరుకు బయటపడుతుంది. ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో హబ్ మోటార్లు, లిథియం ప్యాకుల మీద చిన్న కోర్సులు పెడితే కుర్రాళ్లకు ఉపాధి. ఇ-ఆటోలు, బ్యాటరీ స్కూటర్లు ఊరూరా పెరుగుతున్నాయి, ఈ పని అన్నిటికీ పనికొస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. కొనేముందే విడి బ్యాటరీ ఎంత, ఎక్కడ దొరుకుతుంది అని అడగండి. చెప్పలేకపోతే కొనకండి. బిల్లు, డబ్బా, దాని మీది స్టిక్కరు పారేయకండి. మోసపోయామనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫిర్యాదు ఫీజు లేదు, లాయరును పెట్టుకోవడం తప్పనిసరీ కాదు. ఆ భీమవరం టీచరుగారికి కూడా ఇదే చెప్పాను. బోర్డు అమ్మిన షాపు మీద ఫిర్యాదు చేశారు, చూడాలి.

పాడైన హోవర్‌బోర్డును పాత ఇనుము బండికి వేయకండి. వాళ్లు రాగి కోసం సుత్తితో కొడతారు, లోపల ఉన్నది లిథియం బ్యాటరీ. మీ ఊరి మెకానిక్ చేత బ్యాటరీ విడదీయించి, దాన్ని ఇ-వేస్టు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. మిగతా బండిని ఆ మెకానిక్‌కే వదిలేయండి. అందులోని ఒక మంచి గైరో బోర్డు, ఒక మంచి చక్రం ఇంకో పిల్లవాడి బండికి పనికొస్తాయి. అలా వచ్చిన ముక్కలన్నీ నేను బోర్డు నంబరు వేసి డబ్బాల్లో సర్ది పెడుతున్నాను. ఏలూరు, భీమవరం, రాజమండ్రి, విజయవాడల్లో ఈ పని చేసే తోటి మెకానిక్‌లు ఎవరి దగ్గర ఏ నంబరు బోర్డు ఉందో రాసి పెట్టుకుంటే, ఒకరికొకరం ఇచ్చిపుచ్చుకోవచ్చు. దిగుమతిదారులు కదిలేదాకా కనీసం మన నాలుగైదు జిల్లాల పిల్లల బండ్లైనా నడుస్తాయి. అలా చేయదలచిన వాళ్లు మీ పత్రికకు రాస్తే, దయచేసి ఆ ఉత్తరాలు నాకు అందేలా చూడగలరు.

భవదీయుడు,
ఒక ఎలక్ట్రానిక్స్ మెకానిక్,
తాడేపల్లిగూడెం